ఇంట్లో ఎవరి పేరూ వదలొద్దు: కెనడా పీఆర్ మీద మీ ప్రశ్నలు, నా జవాబులు

కెనడా పీఆర్, అంటే అక్కడ శాశ్వతంగా ఉండే హక్కు, దాని గురించి అడగండి అని కిందటి సంచికలో రాశాం కదా, వచ్చిన ఉత్తరాలన్నీ చదివేసరికి నాకు ఒకటే అర్థమైంది, పాయింట్ల కన్నా మీ అందరి బెంగ ఇంట్లోవాళ్ల గురించే. భార్యని చూపించాలా వద్దా, అబ్బాయికి వయసు దాటిపోద్దా, అమ్మని తీసుకెళ్లొచ్చా, ఇవే. మేం కూడా 2018లో విజయవాడ నుంచి ఇద్దరు పిల్లలతో అప్లై చేసినవాళ్లమే, ఆ రాత్రుళ్లు ఎలా ఉంటాయో తెలుసు. అందుకే ఈసారి మొత్తం ఫ్యామిలీ ప్రశ్నలే తీసుకున్నాను. అన్నీ ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ గురించే, అంటే 2015 జనవరి నుంచి నడుస్తున్న ఆన్‌లైన్ పద్ధతి. ముందు ప్రొఫైల్ పెడతాం, సీఆర్ఎస్ స్కోరు వస్తది, అంటే వయసు, చదువు, భాష, ఎక్స్‌పీరియన్స్ చూసి వేసే పాయింట్లు, స్కోరు ఎక్కువున్నవాళ్లని విడతలుగా పిలిచే డ్రాలో పిలుపు వస్తే దాన్ని ఐటీఏ అంటారు, అప్పుడు 60 రోజుల్లో అసలు అప్లికేషన్ పెట్టాలి.

ప్రశ్న: మేడం, నాకు 33 ఏళ్లు, బీటెక్, ఐటీలో 8 ఏళ్ల ఎక్స్‌పీరియన్స్, ఐఎల్టీఎస్‌లో లిజనింగ్ 8, మిగతా మూడూ 7 వచ్చాయి. మా ఆవిడ బీకాం చేసింది, ఇంట్లోనే ఉంటది. నాలుగేళ్ల పాప. కన్సల్టెన్సీ వాళ్లేమో వైఫ్‌ని చూపిస్తే స్కోరు తగ్గుద్ది, సింగిల్ అని పెట్టేద్దాం, మీకు పీఆర్ వచ్చాక వాళ్లని పిలిపించుకోవచ్చు అంటున్నారు. చేయొచ్చా? (కూకట్‌పల్లి నుంచి)

వద్దు తమ్ముడూ. ఈ ఒక్క ప్రశ్నకే ఈ నెల పేజీ అంతా ఇచ్చేసినా తప్పులేదు, ఎందుకంటే ఇలాంటి ఉత్తరం ఒకటి కాదు చాలా వచ్చాయి.

పెళ్లైనవాళ్లు సింగిల్ అని రాస్తే అది తప్పుడు సమాచారం కిందకొస్తది, దొరికితే అప్లికేషన్ పోద్ది, 5 ఏళ్లు కెనడా వైపు చూడటానికి కూడా ఉండదు. దొరక్కపోతే ఇంకా ఘోరం, అది చాలామందికి తెలీదు. వాళ్ల రెగ్యులేషన్స్‌లో 117(9)(డి) అని ఒక రూల్ ఉంది. మీరు పీఆర్‌కి అప్లై చేసినప్పుడు ఏ భార్య పేరు, ఏ బిడ్డ పేరు చెప్పకుండా, వాళ్లకి మెడికల్ చేయించకుండా వదిలేశారో, తర్వాత వాళ్లని ఫ్యామిలీ క్లాస్‌లో స్పాన్సర్ చేయడానికి మీకు అర్హత ఉండదు. అంటే "తర్వాత పిలిపించుకోవచ్చు" అన్న మాటే అబద్ధం. పాపని కూడా దాచినట్టే కదా మరి.

ఇప్పుడు పాయింట్ల సంగతి, కాగితం తీసుకుని నాతో పాటు లెక్కేయండి. మీరు సింగిల్ అనుకుంటే 33 ఏళ్లకి 88, డిగ్రీకి 120, ఇంగ్లిష్‌కి 124, మొత్తం 332. భార్యతో కలిసి వెళ్తే అవే 80, 112, 116 అవుతాయి, అంటే 308. డిగ్రీకి ఇంగ్లిష్ కలిస్తే 25, ఫారిన్ ఎక్స్‌పీరియన్స్‌కి ఇంగ్లిష్ కలిస్తే 50, ఈ 75 ఎలాగైనా వస్తాయి. సో సింగిల్‌కి 407, భార్యతో 383. కన్సల్టెన్సీ వాళ్లు ఇక్కడిదాకా చూపించి ఆపేస్తారు. కానీ మీ ఆవిడకి కూడా పాయింట్లున్నాయి, చదువుకి 10 దాకా, భాషకి 20 దాకా, కెనడాలో పనిచేసి ఉంటే ఇంకో 10 దాకా. ఆవిడ బీకాంకి ఈసీఏ, అంటే మన డిగ్రీ కెనడాలో దేనికి సమానమో చెప్పే పరిశీలన, చేయించి రిపోర్టులో బ్యాచిలర్ డిగ్రీ అని వస్తే 8, ఐఎల్టీఎస్ రాయించి మీలాగే తెచ్చుకుంటే 20, మొత్తం 28. 383కి 28 కలిపితే 411. సింగిల్ కన్నా 4 ఎక్కువే! నాలుగు మాడ్యూల్స్‌లో 6 చొప్పున వచ్చినా 12 వస్తాయి, అప్పుడు 403, తేడా నాలుగంటే నాలుగు. ఇంకోటి, మీ ఆవిడ సొంత అన్నదమ్ములో అక్కచెల్లెళ్లో ఎవరైనా కెనడాలో పీఆర్ మీదో సిటిజన్‌గానో ఉంటే 15 పాయింట్లు, అది ఆవిడ మీతో పాటు వస్తేనే.

అందుకని ఆవిడని ఇంట్లోనే ఉంటది అని పక్కన పెట్టకండి, ఒక ఆరు నెలలు కూర్చోబెట్టి ఐఎల్టీఎస్ జనరల్ చదివించండి, పాపని సాయంత్రాలు మీరు చూసుకోండి. నేనూ అలాగే రాశాను, చిన్నోడికి అప్పుడు రెండేళ్లు.

ఫారంలో "నాన్ అకంపెనీయింగ్" అని ఒక ఆప్షన్ ఉంటది, అది దాచడం కాదు. భార్య ఉంది, పేరు ఇదీ, ప్రస్తుతానికి నాతో రావట్లేదు అని చెప్పడం. అప్పుడు సింగిల్ లెక్కనే స్కోరు వేస్తారు, అది చట్టబద్ధమే, కానీ నిజంగా రాని పక్షంలో మాత్రమే పెట్టాలి. భార్యాభర్తలిద్దరూ ఆల్రెడీ కెనడాలో ఒకే ఇంట్లో ఉంటూ పాయింట్ల కోసం నాన్ అకంపెనీయింగ్ పెట్టినవాళ్లకి ఆఫీసర్లు సంజాయిషీ అడుగుతూ లెటర్లు పంపుతున్నారు. పైగా అలా పెట్టినా మెడికల్ ఆవిడకీ చేయించాల్సిందే, డబ్బు లెక్కలోనూ ఆవిడ ఉంటది. తర్వాత స్పాన్సర్ చేయాలంటే మీరు కెనడాలోనే ఉండాలి, పీఆర్ హోల్డర్ ఇండియాలో కూర్చుని స్పాన్సర్ చేయలేరు.

ఒక మాట దాచకుండా చెప్తాను, 411తో నేరుగా పిలుపు రావడం ఇప్పుడు చాలా కష్టం. 2025లో కెనడా ఎక్స్‌పీరియన్స్ ఉన్నవాళ్ల డ్రాలే 500 పైన ఆగాయి. జాబ్ ఆఫర్‌కి ఇచ్చే పాయింట్లు కూడా 2025 మార్చి 25 నుంచి తీసేశారు. మీకున్న దారులు ప్రావిన్స్ నామినేషన్, అంటే అక్కడి ఒక రాష్ట్రం మిమ్మల్ని ఎంచుకోవడం, దానికి 600 కలుస్తాయి, లేదంటే ఫ్రెంచ్. ఫ్రెంచ్ డ్రాల కటాఫ్ మిగతావాటికన్నా బాగా తక్కువుంటది, 33 ఏళ్లంటే నేర్చుకోవడానికి లేటేం కాదు. ఆ కన్సల్టెన్సీ వాళ్లకి ఆర్‌సీఐసీ, అంటే కెనడా ఇమిగ్రేషన్ కన్సల్టెంట్లకిచ్చే లైసెన్స్, ఉందో లేదో కూడా చూస్కోండి, డబ్బు తీసుకుని ఈ పని చేయాలంటే అది ఉండాలి లేదా కెనడా లాయరై ఉండాలి.

ప్రశ్న: అక్కా, నేను ఒంటారియోలో వర్క్ పర్మిట్ మీద నర్సుగా చేస్తున్నాను. మావారు, అబ్బాయి కాకినాడలో ఉన్నారు. నాకు హెల్త్ కేటగిరీలో ఐటీఏ వచ్చింది. అబ్బాయి బీటెక్ ఫైనలియర్, ఇంకో రెండు నెలల్లో 22 నిండుతాయి. వాడు నా డిపెండెంట్‌గా వస్తాడా రాడా, నిద్ర పట్టట్లేదు.

వస్తాడమ్మా, కానీ మీ చేతిలో ఉన్న 60 రోజులూ వాడుకోకండి, ఈ వారంలోనే పని మొదలెట్టండి.

2017 అక్టోబర్ 24 నుంచి రూల్ ఏంటంటే 22 లోపు ఉండాలి, పెళ్లి కాకూడదు, పెళ్లి చేసుకోకుండా కలిసి ఉంటున్న భాగస్వామి కూడా ఉండకూడదు. అంతకుముందు 19 లోపు ఉండేది. చదువుతుండాలనే షరతు ఇప్పుడు లేదు, బీటెక్ అయిపోయినా పర్లేదు. వయసు ఏ రోజుకి చూస్తారు అన్నదే కీలకం. ప్రొఫైల్ పెట్టిన రోజు కాదు, ఐటీఏ వచ్చిన రోజు కూడా కాదు, మీ పీఆర్ అప్లికేషన్ పూర్తిగా వాళ్లకి అందిన రోజు. ఆ రోజుకి వాడికి 22 నిండకపోతే ప్రాసెసింగ్ అయ్యేలోపు 22 దాటినా 23 దాటినా వాడి వయసు లాక్ అయిపోయినట్టే.

పూర్తిగా అన్న మాట రెండుసార్లు చదవండి. ఒక్క డాక్యుమెంట్ లేకపోయినా ఇన్‌కంప్లీట్ అని వెనక్కి పంపేస్తారు, అలా పంపితే ఆ తారీఖు లాక్ అవ్వదు, మళ్లీ పెట్టేసరికి వాడికి 22 నిండి ఉంటాయి. అందుకే వాడి కాగితాలు ముందు తెప్పించండి. పాస్‌పోర్ట్, బర్త్ సర్టిఫికెట్, పోలీస్ క్లియరెన్స్. 18 దాటిన ప్రతి ఒక్కరికీ పీసీసీ కావాలి, మీవారికీ వాడికీ పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలో స్లాట్ ఈరోజే బుక్ చేయించండి. పీసీసీ పోలీస్ వెరిఫికేషన్‌కి వెళ్లిందంటే స్టేషన్ చుట్టూ తిరగాల్సి రావొచ్చు, మీవారిని తిరగమనండి. మెడికల్ కూడా 2025 ఆగస్టు 21 నుంచి ముందే చేయించి అప్లికేషన్‌తో పాటు పెట్టాలి, ఇంతకుముందులా వాళ్లు అడిగాక చేయించడం కాదు. మామూలు డాక్టర్ పనికిరాడు, ఐఆర్‌సీసీ, అంటే కెనడా ఇమిగ్రేషన్ శాఖ, గుర్తించిన ప్యానెల్ డాక్టరే కావాలి, హైదరాబాద్‌లో ఉన్నారు, కాకినాడ నుంచి ఇద్దరూ రాత్రి బండెక్కి వెళ్లి ఒకే రోజు చేయించుకుని వచ్చేయొచ్చు.

వాడు అక్కడ ల్యాండ్ అయ్యేదాకా, అంటే వాడి పీఆర్ చేతికొచ్చేదాకా, వాడికి పెళ్లి మాటలు పెట్టకండి. మంచి సంబంధం వచ్చిందని నిశ్చితార్థంతో ఆగకుండా పెళ్లి చేస్తే డిపెండెంట్ లిస్టులోంచి పోతాడు.

ప్రశ్న: మా బాబుకి ఐదేళ్లు, మాటలు లేటు, డాక్టర్ ఆటిజం అన్నారు, స్పీచ్ థెరపీ నడుస్తోంది. మెడికల్‌లో ఫెయిల్ చేసి మొత్తం ఫ్యామిలీకి రిజెక్ట్ చేస్తారని చుట్టాలు అంటున్నారు. వాడి రిపోర్టులు చూపించకుండా ఉంటే?

చూపించండి తల్లీ. మీ చుట్టాలు చెప్పేది ఒకప్పటి సంగతి, అప్పట్లో నిజంగానే అలా కుటుంబాలకి కుటుంబాలు ఆగిపోయేవి. 2018లో ఆ పాలసీ మార్చారు. అక్కడి గవర్నమెంట్ వైద్యం మీద ఒక మనిషికయ్యే ఖర్చు సగటు కన్నా మరీ ఎక్కువైతేనే అభ్యంతరం పెడతారు, ఆ పరిమితిని మూడు రెట్లు పెంచారు, అన్నిటికన్నా ముఖ్యంగా స్పెషల్ ఎడ్యుకేషన్ ఖర్చుని లెక్కలోంచి తీసేశారు. ఆటిజం ఉన్న పిల్లలకి ఎక్కువ ఖర్చు చూపించేది అక్కడే. స్పీచ్ థెరపీ తీసుకుంటున్న పిల్లాడు అన్న ఒక్క కారణంతో ఇప్పుడు తలుపు మూసుకుపోదు. ప్యానెల్ డాక్టర్ అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పండి, థెరపిస్ట్ రాసిన రిపోర్టు, వాడు ఏం చేయగలడో రాసింది, వెంట తీసుకెళ్లండి. ఐఆర్‌సీసీకి డౌటొస్తే లెటర్ పంపి మీ సమాధానం అడిగాకే నిర్ణయిస్తారు. దాస్తే మాత్రం సమస్య బాబుది కాదు, దాచినందుకు వస్తది.

ప్రశ్న: ఐటీఏ వచ్చింది, మా ఆవిడకి ఆరో నెల. ఇప్పుడు అప్లై చేయాలా, పురుడు అయ్యాక చేయాలా?

ఇప్పుడే చేయండి, 60 రోజులు దాటితే ఐటీఏ పోద్ది. మెడికల్‌లో ఎక్స్‌రే ఉంటది కాబట్టి కడుపుతో ఉన్నట్టు డాక్టర్‌కి ముందే చెప్పండి, ఎక్స్‌రే పురుడయ్యాక తీయించుకునే వీలుంది, దానివల్ల మీ ఫైల్ కొంచెం లేటవ్వొచ్చు, అంతే. బిడ్డ పుట్టగానే బర్త్ సర్టిఫికెట్, పాస్‌పోర్ట్ తీసుకుని ఐఆర్‌సీసీ వెబ్‌ఫారంలో చెప్పి ఫైల్‌లో చేర్పించండి. పీఆర్ కన్ఫర్మేషన్ వచ్చేసింది, టికెట్లు బుక్ చేశాం, ఆ తర్వాత పుట్టింది అన్నా సరే ఫ్లైట్ ఎక్కేముందే చెప్పాలి. పసిబిడ్డని అమ్మమ్మ దగ్గర ఉంచి మనం ల్యాండ్ అయ్యి తర్వాత తీసుకొద్దాంలే అనుకున్నారంటే మొదటి జవాబులో చెప్పిన 117 రూల్ ఆ నెలల బిడ్డకి కూడా వర్తిస్తది.

ఇంకోటి, పిల్లల వల్ల సీఆర్ఎస్‌లో పాయింట్లు పెరగవు, తగ్గవు. కానీ చూపించాల్సిన డబ్బు పెరుగుద్ది, అది కింద చెప్తున్నాను.

ప్రశ్న: మేం నలుగురం. ఎంత డబ్బు చూపించాలి? మాకు నరసరావుపేటలో స్థలం ఉంది, కొంత బంగారం ఉంది, మా నాన్నగారు కొంత ఇస్తానన్నారు.

2025 జులైలో ఇచ్చిన లిస్టు ప్రకారం నలుగురికి 28,362 కెనడియన్ డాలర్లు. ఇద్దరికైతే 19,001, ముగ్గురికి 23,360. మన రూపాయల్లో అప్పటి రేటుకి నలుగురికి దాదాపు 17, 18 లక్షలు, అయితే మారకం రేటు ఊగుతూ ఉంటది కాబట్టి ఒక లక్షన్నర ఎక్కువే ఉంచండి. ఏటా ఈ లిస్టు మారుస్తారు, అప్లై చేసేరోజు వాళ్ల వెబ్‌సైట్‌లో మళ్లీ చూడండి. ఇంట్లో ఎవరైనా నాన్ అకంపెనీయింగ్ అయినా వాళ్లనీ కలిపే లెక్క.

స్థలం విలువ పనికిరాదు. అమ్మితే ఆ డబ్బు బ్యాంకులోకి వచ్చాక పనికొస్తది, సేల్ డీడ్ కాపీ పెట్టాలి. బంగారం తాకట్టు పెట్టి తెచ్చింది అప్పు కాబట్టి చెల్లదు, ముందే పాడుకున్న చీటీ డబ్బు కూడా నా ఉద్దేశంలో అంతే, ఇంకా వాయిదాలు కట్టాల్సిన అప్పే కదా అది. నాన్నగారు ఇచ్చేది తిరిగివ్వక్కర్లేని బహుమతి అని గిఫ్ట్ డీడ్ రాయించుకోండి, ఆయన అకౌంట్ నుంచి మీ అకౌంట్‌కి ట్రాన్స్‌ఫర్‌గా రావాలి, క్యాష్ తెచ్చి డిపాజిట్ చేయొద్దు. బ్యాంక్ లెటర్‌లో అకౌంట్ ఎప్పుడు తెరిచారు, ఇప్పుడెంత ఉంది, గత 6 నెలల సగటు బ్యాలెన్స్ ఎంత, మీకున్న లోన్లేంటి ఇవన్నీ ఉండాలి. మన బ్రాంచీల్లో మామూలుగా బ్యాలెన్స్ సర్టిఫికెట్ ఇచ్చి సరిపోద్ది అంటారు, సరిపోదు. నేనైతే ఫార్మాట్ ప్రింట్ తీసుకెళ్లి మేనేజర్ ముందు కూర్చున్నాను, నాలుగుసార్లు తిరిగాక ఇచ్చారు.

ఫీజులు వేరే. 2024 ఏప్రిల్ 30న అమల్లోకి వచ్చిన రేట్లలో పెద్దవాళ్లిద్దరికీ తలా 1,525 డాలర్లు, పిల్లలకి తలా 260, బయోమెట్రిక్స్ కుటుంబానికి 170, మొత్తం 3,740. ఇవి రెండేళ్లకోసారి పెంచుతారు, కాబట్టి కట్టేముందు రేటు చూస్కోండి. మెడికల్, ఐఎల్టీఎస్, ఈసీఏ ఖర్చులు ఇందులో లేవు.

ప్రశ్న: నాన్న చనిపోయారు, అమ్మ మాతోనే ఉంటుంది, నేనొక్కడినే కొడుకుని. అమ్మని డిపెండెంట్‌గా పెట్టొచ్చా?

పెట్టలేం నాన్నా. మన ఇన్‌కమ్ ట్యాక్స్‌లో, ఆఫీసు ఇన్సూరెన్స్‌లో అమ్మ డిపెండెంటే, కెనడా పీఆర్‌లో మాత్రం భార్య లేదా భర్త, పిల్లలు, ఆ పిల్లలకి పిల్లలుంటే వాళ్లు, అంతవరకే. అమ్మ కోసం సూపర్ వీసా అని తల్లిదండ్రులు పిల్లల్ని చూడటానికి వచ్చే వీసా ఒకటి ఉంది, ఒకసారి వస్తే 5 ఏళ్ల దాకా ఉండొచ్చు, లక్ష డాలర్ల కవరేజీతో ఏడాది మెడికల్ ఇన్సూరెన్స్ తీయాలి, మీకక్కడ కుటుంబానికి తగ్గ ఆదాయం ఉండాలి. అంటే మీరు వెళ్లి ఉద్యోగంలో కుదురుకోవడానికి పట్టే నెలలు అమ్మ ఇక్కడ ఎవరి దగ్గర ఉంటుంది అన్నది ఇప్పుడే ఆలోచించాలి. పేరెంట్స్ స్పాన్సర్‌షిప్‌ని నమ్ముకుని ప్లాన్ చేయకండి, 2020లో పేర్లిచ్చినవాళ్ల లిస్టులోంచే 2025లో కూడా పిలిచారు.

ప్రశ్న: విడాకులయ్యాయి, పాప నా దగ్గరే ఉంటది, కస్టడీ ఆర్డర్ ఉంది. ఆయన సంతకం పెట్టనంటున్నాడు. నా పేరు పెళ్లికి ముందు ఇంటిపేరుతో, పాప పేరు ఆయన ఇంటిపేరుతో ఉంది, ఇదేమైనా ఇబ్బందా? (గుంటూరు)

పేర్లు ఇబ్బంది కాదు, పాప బర్త్ సర్టిఫికెట్‌లో అమ్మగా మీ పేరుంది కదా, అదే ఆధారం. ఎక్కడైనా స్పెల్లింగ్ తేడా ఉంటే, లేదా ఇంటిపేరు ఒకదాంట్లో పూర్తిగా ఒకదాంట్లో పొడి అక్షరంగా ఉంటే, ఇద్దరూ ఒకరే అని నోటరీ అఫిడవిట్ పెట్టండి. మా ఫైల్‌లో ఒక ఆఫీసు వాళ్లు చిన్నోడి పేరు పాస్‌పోర్ట్ చూడకుండా టైప్ చేస్తే దాన్ని సరిదిద్దుకోడానికి మాకు నెలన్నర పట్టింది, కాబట్టి సబ్మిట్ కొట్టేముందు ప్రతి పేరూ పాస్‌పోర్ట్ పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం చూడండి.

సంతకం సంగతి కొంచెం పెద్దది. 18 లోపు పిల్లల్ని తీసుకెళ్లేటప్పుడు రాని తల్లి లేదా తండ్రి అంగీకారం 5604 నంబర్ ఫారంలో అడుగుతారు. ఆయన ఇవ్వనంటే ఆర్డర్ చదవండి, పాపని విదేశానికి తీసుకెళ్లి అక్కడే స్థిరపడే హక్కు మీకుందని అందులో స్పష్టంగా ఉందా, లేక కస్టడీ అని మాత్రమే ఉండి ఆయనకి చూసే రోజులు రాసి ఉన్నాయా. రెండోదైతే ఫ్యామిలీ కోర్టులో పర్మిషన్ పిటిషన్ వేయించండి, ఐఎల్టీఎస్‌కి ముందే వేయించండి, మన కోర్టు వాయిదాలు మీకు తెలుసు. లాయర్‌తో "టూర్‌కి కాదు, పీఆర్‌కి, అక్కడే ఉండిపోవడానికి" అని విడమరిచి చెప్పండి, ఆర్డర్‌లో ఆ మాట రావాలి. ఈలోపు విసిగిపోయి పాపని నాన్ అకంపెనీయింగ్‌లో పెట్టినా సరే, పేరు చెప్పి మెడికల్ మాత్రం చేయించండి.

ప్రశ్న: మాకు పీఆర్ కన్ఫర్మేషన్ వచ్చింది. మావారు ముందెళ్లి ఇల్లు, ఉద్యోగం చూసుకుంటే, పెద్దమ్మాయి టెన్త్ అయ్యాక నేను పిల్లల్ని తీసుకుని వెళ్దామనుకుంటున్నాం. అలా కుదురుద్దా? నా బంగారం ఆయనతో పంపాలా?

కుదురుద్ది, మీవారు ప్రిన్సిపల్ అప్లికెంట్ అయితే, అంటే అప్లికేషన్ ఆయన పేరు మీదే పెట్టి ఉంటే. ఆయన ముందెళ్లొచ్చు లేదా అందరూ కలిసి వెళ్లొచ్చు, మీరు మాత్రం ఆయన కన్నా ముందు ల్యాండ్ అవ్వకూడదు. మీ కన్ఫర్మేషన్ పేపర్ మీద ఉన్న గడువు తారీఖు లోపల మీరూ పిల్లలూ దిగిపోవాలి, అది సాధారణంగా మెడికల్ చేయించుకున్న రోజు నుంచి ఏడాది ఉంటది, టెన్త్ పరీక్షలు ఆ తారీఖు దాటి ఉంటే ముందే ఒకసారి అందరూ వెళ్లి ల్యాండ్ అయ్యి తిరిగొచ్చి పరీక్షలు రాయించుకోండి. ఖర్చే, కానీ గడువు పొడిగిస్తారన్న భరోసా లేదు. పీఆర్ నిలబడాలంటే ప్రతి 5 ఏళ్లలో 730 రోజులు అక్కడుండాలి కాబట్టి ఒక పరీక్షల సీజన్‌కి నష్టమేం లేదు.

బంగారం ఆయనతో పంపొద్దు. మీరు ల్యాండ్ అయ్యే రోజు మీ సామాన్ల లిస్టు మీరే ఇస్తారు, వెంట తెచ్చేవి ఒకటి, తర్వాత తెప్పించుకునేవి ఒకటి. నగలు ఒక్కోటి ఫొటో తీయించి, నగల షాపు వాళ్లతో బరువు, విలువ రాయించి కాగితం తీసుకోండి. లాకర్‌లో ఉంచి వెళ్తున్నవి కూడా "తర్వాత వచ్చేవి" లిస్టులో రాయండి, ఆ రోజు రాయనివి ఎప్పుడో తెస్తే సుంకం కట్టమంటారు. పదివేల డాలర్లు, అంతకు మించి డబ్బు చేతిలో ఉంటే అది కూడా అక్కడ కస్టమ్స్‌లో చెప్పాలి. లిస్టు రెండు కాపీలు తీసి హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకోండి, సూట్‌కేసులో కాదు, ఎందుకంటే ఇమిగ్రేషన్ కౌంటర్ దాటాకే బ్యాగులు చేతికొస్తాయి.